హమసాకి గారి వంగుడు

హమసాకి తొరకిచి గారిలో లోపం ఒక్కటే: ఆయన వంగుతారు. మనిషి ఎదురైతే తల వంచి వందనం చేయడం మా దేశంలో లోపం కాదు. చేయనివాణ్ణి మా అమ్మ మనిషిగానే లెక్కపెట్టేది కాదు. కానీ దేనికైనా ఒక మోతాదు ఉంటుంది. హమసాకి గారు మనుషులకు వంగుతారు, వాళ్లు వెళ్లిపోయాక వాళ్లు నిలుచున్న చోటుకు వంగుతారు. టెలిఫోనులో మాట్లాడుతూ గోడకు వంగుతారు. ట్రాము దిగి ట్రాముకు వంగుతారు. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా లేవరు. ఒకసారి పళ్ల డాక్టరు నోట్లో పనిముట్లు పెట్టి ఉండగా కృతజ్ఞత పట్టలేక వంగబోయారు. ఆ డాక్టరు ఆ తరువాత చాలాకాలం చేతులు వణుకుతూనే వైద్యం చేశాడు.

"పెళ్లిలో మా నాన్నకి వంగారండీ, ఇంకా లేవలేదు" అంటుంది ఆయన భార్య ఫుజినో గారు. "ఈయన మొహం నాకంత గుర్తు లేదు గానీ, నడినెత్తి మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను."

ఇందులో ఆయన పూర్వోద్యోగానికి కొంత బాధ్యత ఉంది. ఊళ్లోని పెద్ద బజారు దుకాణంలో కింది అంతస్తుకు ఆయన అధికారి. పొద్దున తలుపులు తెరిచే వేళకు సిబ్బందిని ఇరువైపులా నిలబెట్టి, వచ్చేవారికి వందనం చేయించేవారు. అక్కడ వందనాలు మూడు రకాలు: దారిన పోయేవారికి కొద్దిగా, కొనడానికి వచ్చినవారికి సగం, కొన్నది పాడైందని తిరిగి తెచ్చినవారికి పూర్తిగా. ఉద్యోగ విరమణ నాడు మొదటి రెండు రకాలను ఆయన ఆ దుకాణంలోనే అప్పగించి వచ్చారని నా అనుమానం.

ఇక నా సంగతి. నా పేరు ఉరకావ. వీధిలో అందరూ ఇన్‌స్పెక్టరు గారంటారు. కొత్తవాళ్లు పోలీసు అనుకుని భయపడతారు, నేను వెంటనే సరిదిద్దను. నేను నాగసాకి రేవులో ఓడల నిలకడను తనిఖీ చేసినవాణ్ణి. బరువు ఎక్కడ ఉంటే ఓడ నిలుస్తుందో, ఎక్కడ ఉంటే ఒరుగుతుందో చెప్పడం నా వృత్తి. చిన్నప్పుడు మిషన్ బడిలో అన్నీ ఇంగ్లీషులోనే చదువుకున్నాను. అందువల్ల ఏ విషయాన్నైనా ఆధారాలు తూచి గాని ఒప్పుకోను. ఆధారాలను ఎంత బాగా తూచినా తప్పు తేల్చవచ్చునన్న సంగతి మాత్రం ఆ బడిలో చెప్పలేదు.

మాది వీధి అనడానికి లేదు. అన్నీ రాతి మెట్లే. కింద ట్రాము ఆగుతుంది, పైన శ్మశానం ఉంది, మధ్యలో మేమున్నాం. వయసు పెరిగేకొద్దీ కాస్త కాస్త పైకి జరుగుతూ ఉంటాం. సరిగ్గా సగం దారిలో, మెట్లు మలుపు తిరిగేచోట ఫుజినో గారి బంగాళదుంప కట్లెట్ల కొట్టు. ఆ కొట్టు ముందు నిలబడి, కిందినుంచి ఎక్కివచ్చే ప్రతి ముసలి ప్రాణికీ హమసాకి గారు తమ మూడో రకం వందనం సమర్పిస్తారు.

దీనివల్ల కలిగే నష్టాన్ని వివరించాలి. మా దగ్గర ఒకరు వంగితే ఎదుటివారు చూస్తూ నడిచిపోవడం కుదరదు. ఆగాలి. చేతిలో సంచీ కింద పెట్టాలి. తామూ వంగాలి. ఆయన లేవకముందు లేవడం మర్యాద కాదు. ఆయనేమో లేవరు. లేచాక ఎండ గురించి ఒక మాట అంటారు, ఆ ఎండకు తామే కారణమైనట్టు క్షమాపణగా మళ్లీ వంగుతారు. నాకు మిగిలిన ఆయుష్షులో మంచి భాగం ఆ మలుపు దగ్గర నా చెప్పులను నేను చూసుకుంటూ ఖర్చవుతోందని ఫుజినో గారితో చాలాసార్లు ఫిర్యాదు చేశాను.

"చెప్పులు బాగున్నాయి కదండీ, చూసుకోండి" అనేది ఆవిడ.

వ్యవహారం ఇలా సాగుతుండగా మా మెట్లమీదికి బెల్టులు వచ్చాయి. వాటిని తెచ్చినామె పేరు డాక్టర్ కురాహషి. నలభై ఏళ్లావిడ, విశ్వవిద్యాలయంలో వృద్ధుల నడక మీద పరిశోధన చేస్తుంది. ఆ బెల్టును నడుముకు కట్టుకోవాలి. దానినుంచి రెండు పట్టీలు తొడలకు వస్తాయి; మెట్టు ఎక్కేటప్పుడు అవి తొడను మెల్లగా పైకి లాగుతాయి. మనిషి ఎడమకు ఒరిగితే ఎడమవైపు, కుడికి ఒరిగితే కుడివైపు గిలిగింతగా అదురుతుంది. నడక మరీ తడబడితే ఒక ఆడగొంతు "దయచేసి ఆగండి, కాస్త కూర్చోండి" అంటుంది. మనిషి పడిపోతున్నాడని తోస్తే రెండు తుంటుల దగ్గరా గాలిసంచులు టప్పున ఉబ్బుతాయి. జరిగినదంతా ఎప్పటికప్పుడు డాక్టరమ్మ గదిలోని యంత్రానికి తెలిసిపోతుంది. ఆరోగ్యకరమైన విషయం, నేను మొదటినుంచీ సమర్థించాను.

అయితే వార్డు ఆఫీసువారు అందులో తమ సదుద్దేశాన్ని కూడా కలిపారు. వేసవి పరీక్ష ముగిసేసరికి ఎవరి బెల్టు ఎక్కువ హెచ్చరికలు పంపితే వారిని ట్రాము పక్కన, సమతల నేలమీద, లిఫ్టు ఉన్న అపార్టుమెంటుకు మార్చాలని నిర్ణయించారు. మెట్లమీద ఎవరికీ ఇది నచ్చలేదు.

"పైకి పోవాల్సిన వయసులో కిందికెందుకురా" అంది మత్సుయె పెద్దమ్మ. ఆవిడకు తొంభై దాటాయి; నన్ను ఇప్పటికీ అబ్బాయ్ అంటుంది.

బెల్టులు పంచిన రోజున డాక్టరమ్మ తన చేతులతో హమసాకి గారి నడుముకు బెల్టు కట్టి, బిగుతు సరిచూసి, ఎలా ఉందని అడిగింది. ఆయన కృతజ్ఞతగా వంగారు. టప్పుమంది. రెండు తుంటులూ ఉబ్బి, ఆయన భయపడ్డ బుడగచేపలా తయారయ్యారు. పరికరం పాడుచేశానన్న బాధతో వెంటనే మరింత లోతుగా వంగారు. ఈసారి బెల్టులోని ఆడగొంతు "దయచేసి ఆగండి, కాస్త కూర్చోండి" అంది. ఎవరో అపరిచితురాలు తనతో ఇంత మర్యాదగా మాట్లాడుతుంటే ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. ఆమెకు వంగారు. ఆమె మళ్లీ కూర్చోమంది. ఆయన మళ్లీ వంగారు. ప్రపంచంలో ఒకరికొకరు సరిపోయే జంటలు ఉంటాయని అప్పుడు నమ్మాను. చివరికి ఫుజినో గారు వచ్చి మీట నొక్కి, "ఇంట్లో ఇన్నేళ్లుగా నేను కూర్చోమంటే ఒక్కనాడైనా వంగారా?" అని అడిగింది.

కొన్నాళ్లు గడిచాక తొలి ఫలితాలు తెలిశాయి. మెట్ల వీధి మొత్తంలో అత్యంత నిలకడ గల మనిషిని నేను. ఈ సంగతి తెలియనివారు వీధిలో ఉండకూడదని కొంత శ్రద్ధ కూడా తీసుకున్నాను. అత్యంత ప్రమాదంలో ఉన్న మనిషి హమసాకి గారు. యంత్రం లెక్క ప్రకారం ఆయన నడిచేది తక్కువ, పడిపోయేది ఎక్కువ. పూర్వజన్మల నుంచి పడుతూ వస్తున్నా అన్నిసార్లు పడడం కుదరదు. వార్డు ఆఫీసువారు ఆయన పేర ఒక అపార్టుమెంటు అట్టిపెట్టారని, లెక్క ఇలాగే సాగితే, పోయినవారిని తలుచుకునే ఓబోన్ పండుగ వెళ్లగానే మారవలసి ఉంటుందని డాక్టరమ్మ కొట్టు దగ్గరికి వచ్చి నొచ్చుకుంటూ చెప్పింది.

ఫుజినో గారు కట్లెట్లు తిరగేసి, తీసి, కాగితంమీద పెట్టి, అప్పుడంది: "కింద పెడితే నా కట్లెట్లు ఎవరు తింటారండీ? సగం కొండెక్కి ఆకలితో వచ్చేవాళ్లు కాబట్టి బాగున్నాయంటున్నారు. కింద అమ్మితే రుచి తెలిసిపోతుంది."

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆ కొట్టు ఆవిడ తల్లిది. ఆవిడ పుట్టింది దాని వెనక గదిలోనే.

నిష్పాక్షికంగా ఆలోచించగల మనిషి అవసరం వీధికి కలిగిందని నాకు తోచింది. అటువంటివారు వీధిలో ఒక్కరే ఉన్నారు. వందనానికీ పతనానికీ తేడా తెలియదా మీ బెల్టుకు అని డాక్టరమ్మను నిలదీశాను.

"మామూలు వందనమైతే తెలుసండీ" అందామె. "అంత వేగంగా అంత కిందికి వెళ్లిన మనిషి తిరిగి లేవడం మాత్రం మా లెక్కల్లో ఎక్కడా లేదు."

కేసు తేలికైంది. హమసాకి గారిని కూర్చోబెట్టి, ఎత్తుగా పేర్చిన సరుకు ఒకవైపు జారితే ఓడకు ఏమవుతుందో బొమ్మ గీసి మరీ చూపించాను. పండుగ వెళ్లేదాకా ఎవరికీ వంగవద్దని చెప్పాను. హెచ్చరికలు ఆగిపోతాయి, అపార్టుమెంటు బెడద తీరుతుంది. ఆయన బొమ్మ వైపు చాలాసేపు చూశారు.

"అలాగేనండీ. కాకపోతే ఆ ఒక్క మలుపు దగ్గర..."

"ఎక్కడా వద్దు."

ఆయన ఒప్పుకోలుగా వంగబోయారు. భుజం పట్టుకుని ఆపాను.

ఆ తరువాత ఆయన పడిన అవస్థ చూడవలసింది. మొదట రెండు చేతులూ తొడలకు అంటించుకుని కరెంటు స్తంభంలా నిలబడ్డారు. మనుషులు ఎదురవుతుంటే నడుము దానంతటదే కదలబోయేది; పళ్లు బిగబట్టి ఆకాశం చూసేవారు. చూసినవాళ్లు ఆయనకు తమమీద కోపం వచ్చిందనుకుని బాధపడ్డారు. ఇది భరించలేక కొట్టులోపలికి వెళ్లి మూకుడు వెనక దాక్కున్నారు. అక్కడినుంచి ఫుజినో గారి గొంతు అప్పుడప్పుడు వినిపించేది: "నూనెకి వంగకండి, కనుబొమలు కాలతాయి."

ఆయన హెచ్చరికలు తగ్గాయి. నేను సంతోషించాను. అయితే సరిగ్గా అప్పటినుంచే మిగిలినవాళ్ల బెల్టులు మాట్లాడడం మొదలుపెట్టాయి. పొద్దున, సాయంత్రం, మెట్లు పొడవునా ఆ ఆడగొంతే: ఆగండి, కూర్చోండి. ఎవరూ ఆగలేదు, ఎవరూ కూర్చోలేదు. పక్కింటివాళ్లు చూస్తుండగా ఒక బెల్టు మాట విని మెట్టుమీద కూలబడే ముసలివాళ్లు మా వీధిలో లేరు. మత్సుయె పెద్దమ్మ మలుపు దాటాక కళ్లు తిరిగి మెట్ల పక్కనున్న కాలవగట్టుమీద ఒరిగింది. గాలిసంచులు ఆదుకున్నాయి గనుక తుంటి మిగిలింది.

డాక్టరమ్మ ఆందోళనగా వచ్చి నా అభిప్రాయం అడిగింది. గాలిలో తేమ ఎక్కువైందని, బ్యాటరీలు పాతబడ్డాయని, పెద్దమ్మ దోసకాయలు మితిమీరి తింటున్నదని, ఈ మూడింటినీ తూచి, తగిన గాంభీర్యంతో చెప్పాను. ఆమె నమ్మింది. తనిఖీకి నేను ఉండగా అసలు కారణం బయటపడే అవకాశం లేకపోయింది.

పండుగ ముందురోజు సాయంత్రం నేను ట్రాము దిగి మెట్లెక్కుతున్నాను. చేతిలో పుచ్చకాయ. పైన నా భార్య సమాధి దగ్గర పెట్టాలి; ఆవిడకు చిన్న పుచ్చకాయ అంటే కోపం. అందుకని పెద్దదే తీసుకున్నాను. మలుపు దగ్గరపడేసరికి నా మోకాళ్లు నన్ను సంప్రదించకుండా ఏవో సొంత నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెట్టాయి. ఎడమవైపు అదిరింది. కుడివైపు అదిరింది. ఓడ ఒరుగుతున్న సంగతి చాలాసార్లు అందరికన్నా చివర కెప్టెనుకు తెలుస్తుందని నా నివేదికల్లో నేనే రాశాను.

"దయచేసి ఆగండి, కాస్త కూర్చోండి" అంది బెల్టు, వీధంతా వినేలా.

"నోరు మూసుకో" అన్నాను.

కొట్టులోంచి ఫుజినో గారు తల పైకెత్తింది. "ఎవరితోనండీ?"

"పుచ్చకాయతో."

ఆవిడ పక్కన స్టూలుమీద మత్సుయె పెద్దమ్మ కూర్చుని ఉంది. ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారు. వీధిలోకెల్లా నిలకడగల మనిషిని. కారణం లేకుండా సగం దారిలో ఎలా ఆగను? ఇంకో మెట్టు ఎక్కాను. చెవుల్లో హోరు. కొట్టు, ఆడవాళ్లు, రేవులోని క్రేన్లు అన్నీ ఒకవైపుకు జారడం మొదలుపెట్టాయి.

అప్పుడు మూకుడు వెనకనుంచి హమసాకి గారు వచ్చారు. నడుముకు వంట గుడ్డ, చేతిలో జల్లిగరిటె. నా వైపు ఒక్క క్షణం చూశారు. గరిటె భార్య చేతికిచ్చి, నా ఎదురుగా వచ్చి నిలబడి, ఆ ఆపుకున్న వందనాలన్నీ కలిపి ఒకేసారి వంగారు. టప్పుమంది.

ఒక మనిషి వంగాక ఇక చేసేదేముంది? ఆగాను. పుచ్చకాయ కింద పెట్టాను. మోకాళ్లమీద చేతులు ఆనించి వంగాను. నా బెల్టు కూడా టప్పుమంది. పుచ్చకాయ రెండు మెట్లు దొర్లింది. మత్సుయె పెద్దమ్మ కూర్చున్నచోటునుంచే కాలు చాపి ఆపింది. రెండు బుడగచేపలు తలలు వంచుకుని ఎదురెదురుగా మిగిలాయి.

"హమసాకి గారూ, మీరు వంగకూడదు" అన్నాను నా చెప్పులతో. "ఇది కూడా లెక్కలోకి వెళ్తుంది. అపార్టుమెంటు ఖాయమవుతుంది."

"తెలుసండీ."

"అయితే లేవండి."

"మీ ఊపిరి ఇంకా కుదుటపడలేదండీ" అన్నారు ఆయన, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా. "నేను లేవనంతసేపూ మీరు లేవక్కర్లేదు. కాస్త ఉండండి."

ఉన్నాను. కాసేపటికి చెవుల్లో హోరు తగ్గింది. క్రేన్లు తమ చోటికి తాము వెళ్లాయి. అంతసేపూ నా బుర్రలో ఈ వీధి ముసలివాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి, ఆ మలుపు దగ్గర సంచీలు కింద పెట్టి, వంగి, లేచి, తేలిగ్గా పైకి వెళ్లిపోతున్నారు.

"దుకాణం ముందు మెట్లెక్కి వచ్చిన పెద్దవాళ్లకి మొదట్లో కుర్చీ వేసేవాణ్ణండీ" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. "కోపమొచ్చి వెళ్లిపోయేవాళ్లు. వంగితే మాత్రం ఎవరికీ కోపం రాలేదు."

"నాకెప్పటినుంచి చేస్తున్నారిలా?"

"మీరు ఉద్యోగం మానినప్పటినుంచీనండీ."

"అప్పట్లో నాకు ఆయాసమే లేదు."

"అవునండీ" అన్నారు హమసాకి గారు, ఇంకొంచెం కిందికి వంగి.

పండుగ మరునాడు వీధి సంఘం గదిలో సమావేశం జరిగింది. వార్డు ఆఫీసువారు, డాక్టరమ్మ, మేము. నేను లేచి సాక్ష్యం చెప్పాను. హమసాకి గారు వంగినన్నాళ్లూ మిగిలిన బెల్టులు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆయన్ను ఆపగానే అన్నీ మాట్లాడాయి. తేమకూ బ్యాటరీలకూ సంబంధం లేదు. దోసకాయల విషయంలో పెద్దమ్మకు బహిరంగంగా క్షమాపణ చెబుతున్నాను. ఈ వేసవిలో ఆయన ఒక్కసారి కూడా పడలేదు, ఎవరినీ పడనివ్వలేదు. ఆయన్ను కిందికి మారిస్తే వెనకనే మా అందరికీ అపార్టుమెంట్లు వెతకవలసి వస్తుంది, ముందుగా నాకు. నా నిలకడ ఫలితం మొత్తం ఆయన ఖాతాలో వేయమని కోరుతున్నాను. ఇది చెప్పి కూర్చునేటప్పుడు నా బెల్టు ఎడమవైపు అదిరింది, ఎందుకో తెలియదు.

"అబ్బాయికి ఆలస్యంగానైనా తెలివొచ్చింది" అంది మత్సుయె పెద్దమ్మ, తనలో తాను అనుకున్నట్టు, అందరికీ వినపడేలా.

వార్డు ఆఫీసువారు అపార్టుమెంటు వెనక్కి తీసుకున్నారు. హమసాకి గారు వాళ్లకు వంగబోతుంటే ఫుజినో గారు వెనకనుంచి ఆయన నడుముకున్న వంట గుడ్డ పట్టుకుని లాగింది. నిర్ణయం కాగితం మీద పడేదాకా వదల్లేదు. డాక్టరమ్మ ఆయన్ను తన గదికి తీసుకెళ్లి, పరుపులమీద నిలబెట్టి, వంగబెట్టి వంగబెట్టి, ఆ వందనాన్ని బెల్టులన్నిటికీ నేర్పింది. ఇప్పుడు అవి ఆయన వంగితే ఊరుకుంటాయి. బెల్టుకు నేను అన్యాయం చేయను. పెద్దమ్మ తుంటి దానివల్లే నిలిచింది, నా తొడలను ఇప్పటికీ అదే పైకి లాగుతోంది. ఆగమని చెప్పడమే దానికి చేతకాదు.

ఇక్కడితో ముగించవచ్చు. కానీ హమసాకి గారికీ వయసు మీద పడుతోందని, అందరినీ ఆపే మనిషిని ఆపేవాళ్లు ఎవరూ లేరని నాకు తట్టింది. ఆయన తన తల్లి సమాధిమీద నీళ్లు పోయడానికి పైకి వెళ్లేటప్పుడు మా గుమ్మం ముందునుంచే వెళ్లాలి. ఆ వేళకు నేను గుమ్మంలో నిలబడి వంగుతున్నాను. నా వందనం చూసి ఫుజినో గారు, "ఇన్‌స్పెక్టరు గారూ, మీరలా వంగితే ఎవరైనా మీకే కుర్చీ వేస్తారండీ" అంది. అభ్యాసం చేస్తున్నాను.

ఊపిరి కుదుటపడే చప్పుడు వినడం మాత్రం నాకు పట్టుబడలేదు, చెవులు అంతంతమాత్రం. అందుకని ఆయన చెప్పులమీద చూపు పెట్టి ఉంచుతాను. అవి కదిలితే లేవవచ్చునని నా పద్ధతి. మొన్న ఎంతసేపైనా అవి కదల్లేదు. ఆయనకు ఈరోజు ఆయాసం ఎక్కువగా ఉన్నట్టుందని నేను మరింత ఓపికగా వంగి ఉన్నాను. చివరికి ఫుజినో గారు మెట్లెక్కి వచ్చి మా ఇద్దరి భుజాలూ పట్టుకుని లేపవలసి వచ్చింది. నాకు ఆయాసంగా ఉందేమోనని హమసాకి గారు కూడా అంతసేపూ నా చెప్పులనే చూస్తూ ఉన్నారట.